శేషంలోని విశేషం: భాజనీయతా సూత్రాలను పిల్లలకు బోధించే తీరు

ఎమిరేట్స్‌లో నివసించే తెలుగు కుటుంబాల చేతులలో ప్రతిదినమూ మారే దిర్హమ్ నోటుపై విలువ రెండు విధాల అంకెలలో ముద్రితమై ఉంటుంది. ఒకవైపు అరబిక్ లిపితో పాటు కనిపించే అంకెలు. రెండవవైపు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 1, 2, 3 అంకెలు. ఈ రెండవ రకాన్ని ఐరోపావారు అరబిక్ అంకెలంటారు. అరబ్బులు మాత్రం తమ అంకెలను 'అర్కామ్ హిందియా', అనగా హిందూదేశపు అంకెలు అంటారు. ఎవరి నుండి పొందారో వారి పేరును ఉభయులూ నిలుపుకొన్నారు.

అంకెల ఆకారాలు ఎన్ని విధాలుగా మారినా వాటి వెనుకనున్న భావం ఒక్కటే. అది స్థానవిలువ. 468 అనే సంఖ్యలో 4కు నాలుగు వందల విలువ రావడానికి కారణం దాని ఆకారం కాదు, అది కూర్చున్న చోటు. పాఠశాలలో పిల్లలు నేర్చుకొనే భాజనీయతా సూత్రాలన్నీ ఈ ఒక్క భావం నుండి పుట్టినవే. అయితే ఈ బంధుత్వాన్ని పిల్లలకు విప్పి చెప్పేవారు తక్కువ.

ఇక్కడి భారతీయ పాఠశాలలలో చదివే పిల్లలకు ఈ సూత్రాలు ఆరవ తరగతి ప్రాంతంలో ఎదురవుతాయి. చివరి అంకె సరిసంఖ్య అయితే 2 చేత, చివర 0 గాని 5 గాని ఉంటే 5 చేత, అంకెల మొత్తం 3 చేత భాగింపబడితే 3 చేత నిశ్శేషంగా భాగింపబడుతుందని ఒక జాబితా ఇస్తారు. పిల్లలు దానిని ఎక్కాల వలె వల్లె వేస్తారు. పరీక్షలో మార్కులు వస్తాయి. వేసవి సెలవులకు ఊరు వెళ్ళి వచ్చేసరికి 4 సూత్రానికీ 8 సూత్రానికీ తేడా మరచిపోతారు. ఈ మరపు పిల్లల దోషం కాదు. కారణం తెలియని వాక్యానికి మనస్సులో పట్టుకొమ్మ ఉండదు.

నష్టం మరపుతో ఆగదు. '3కు అంకెలు కూడినట్లే 7కు కూడా కూడితే ఎందుకు కుదరదు?' అని అడిగిన బిడ్డకు 'సూత్రం అలాగే ఉంది' అన్న సమాధానం దొరికిన రోజున, గణితం ఆ బిడ్డ దృష్టిలో ఆజ్ఞల పట్టిక అవుతుంది. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానం ఉంది. దానిని చెప్పడానికి బీజగణితం కూడా అక్కరలేదు.

ఖర్జూరాల పెట్టె

ఇంటిలో ఖర్జూరాలు ఉన్నాయనుకోవాలి. నూరేసి పండ్లున్న పెట్టెలు నాలుగు, పదేసి పండ్లున్న పొట్లాలు ఆరు, విడి పండ్లు ఎనిమిది. మొత్తం 468. వీటిని తొమ్మిదిమంది పిల్లలకు సమానంగా పంచాలి.

ఒక పొట్లం విప్పి తలా ఒకటి ఇస్తే తొమ్మిది పోయి ఒకటి మిగులుతుంది. ఒక పెట్టె విప్పి తలా పదకొండు ఇస్తే తొంభైతొమ్మిది పోయి, మళ్ళీ ఒకటే మిగులుతుంది. వేయి పండ్ల బుట్ట ఉన్నా తలా నూటపదకొండు ఇచ్చిన తరువాత మిగిలేది ఒకటే. కనుక నాలుగు పెట్టెల నుండి నాలుగు, ఆరు పొట్లాల నుండి ఆరు, విడిగా ఉన్నవి ఎనిమిది మిగులుతాయి. 4 + 6 + 8 = 18. ఇవి తొమ్మిదిమందికి తలా రెండు వస్తాయి. శేషం సున్నా. 468 అనేది 9 చేత నిశ్శేషంగా భాగింపబడుతుంది.

'అంకెల మొత్తం' అనే సూత్రం ఇదే. అంకెలను కూడడం మంత్రం కాదు; పంచగా మిగిలినవాటిని ఒకచోట చేర్చడం. తొమ్మిది మూడు మూళ్ళు గనుక ఇదే పంపకం 3కు కూడా సరిపోతుంది.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు జవాబు సులభం. అవే పండ్లను ఏడుగురికి పంచితే పొట్లానికి ఒకటి కాక మూడు మిగులుతాయి. పెట్టెకు తలా పద్నాలుగు పోగా రెండు మిగులుతాయి. కాబట్టి 468లో మిగిలేవి నాలుగు రెళ్ళు ఎనిమిది, ఆరు మూళ్ళు పద్ధెనిమిది, విడివి ఎనిమిది, మొత్తం 34. ఇందులో ఏడుగురికి తలా నాలుగు పోగా శేషం 6. ఏడుకు సూత్రం లేకపోలేదు. అక్కడ ప్రతి స్థానానికీ శేషం వేరు గనుక అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా కూడరాదు, అంతే.

చివరి అంకెలు చాలే చోట్లు

2, 5, 10 చేత భాజనీయతకు చివరి అంకె ఎందుకు చాలునో కూడా ఈ పంపకమే చెబుతుంది. పది పండ్ల పొట్లం ఇద్దరికి గాని ఐదుగురికి గాని శేషం లేకుండా పోతుంది, పెట్టెలూ అంతే. చూడవలసింది విడి పండ్లనే. నలుగురికి పంచేటప్పుడు పొట్లంలో రెండు మిగులుతాయి గాని, నూరు నిశ్శేషంగా పోతుంది. అందుచేత 4కు చివరి రెండు అంకెలు చూడాలి. ఎనిమిదిమందికి నూరు పంచితే నాలుగు మిగులుతాయి. వేయి మాత్రం పూర్తిగా పోతుంది. అందుచేత 8కు చివరి మూడు అంకెలు. కారణం తెలిసిన బిడ్డ 16కు ఎన్ని అంకెలు చూడాలో ఎవరినీ అడగడు.

లీపు సంవత్సరపు నియమం కూడా ఈ కోవలోనిదే. 4 చేత భాగింపబడే సంవత్సరం లీపు. నూర్లు నిండిన సంవత్సరమైతే 400 చేత భాగింపబడాలి. అందుకే 1900 లీపు కాలేదు, 2000 అయింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 చివరి రెండు అంకెలు 56. అది లీపు సంవత్సరం. ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడిన 1971 లీపు కాదు, కాని దాని అంకెల మొత్తం 18 గనుక 9 చేత భాగింపబడుతుంది. పిల్లలు తమ పుట్టిన సంవత్సరాలతో ఈ పరీక్షలు చేయవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2, 3 రెండింటి చేత భాగింపబడితే 6 చేత భాగింపబడుతుందని నేర్చుకొన్న పిల్లలు, 2, 6 రెండింటి చేత భాగింపబడితే 12 చేత భాగింపబడుతుందని పొరబడతారు. 18ని చూపిస్తే చాలు, భ్రమ తొలగుతుంది. 6లోనే 2 దాగి ఉన్నది గనుక దానిని రెండవసారి లెక్కించరాదు. 12కు 3, 4 కావాలి. ఆ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. అలాగే 24కు 3, 8 కావాలి గాని 4, 6 చాలవు; 12ను పరీక్షిస్తే ఇది తేలుతుంది. రసాయనశాలలో లిట్మస్ కాగితం ఆమ్లమో క్షారమో చెబుతుంది గాని ఏ ఆమ్లమో చెప్పదు. ఏ పరీక్ష ఎంతవరకు చెబుతుందో తెలియడమూ విద్యలో భాగమే.

పదకొండు, ఏడు

పదకొండుమందికి పది పండ్ల పొట్లం పంచితే ఒకటి తక్కువ పడుతుంది. నూరు పండ్ల పెట్టెలో 99 పోగా ఒకటి మిగులుతుంది. వేయి పంచితే 1001కి ఒకటి తక్కువ. ఒకసారి మిగులు, ఒకసారి అప్పు. అందుచేత కుడి నుండి అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసివేస్తూ పోవాలి. 2728లో 8 – 2 + 7 – 2 = 11. కాబట్టి 2728 అనేది 11 చేత భాగింపబడుతుంది; భాగఫలం 248.

ఏడుకు స్థానశేషాలు గుర్తుంచుకోవడం కష్టమనుకొంటే మరొక మార్గం ఉంది. 21 ఏడు గుణిజం. సంఖ్య నుండి 21ని ఎన్నిసార్లు తీసివేసినా ఏడు విషయంలో భేదం రాదు. 2023లో చివరి అంకె 3. మూడు ఇరవైయొకట్లు 63. తీసివేస్తే 1960. చివరి సున్నాను వదలివేయవచ్చు, ఎందుకంటే 10లో 7 లేదు. మిగిలినది 196. మళ్ళీ ఆరు ఇరవైయొకట్లు 126 తీసివేస్తే 70. సున్నా వదిలితే 7. కనుక 2023 ఏడు గుణిజం. 'చివరి అంకెను రెట్టించి మిగిలిన సంఖ్య నుండి తీసివేయుము' అని పుస్తకాలలో కనిపించే సూత్రం ఇదే.

పెద్ద సంఖ్యలకు 1001 ఉపయోగపడుతుంది. 7 × 11 × 13 = 1001. కుడి నుండి మూడేసి అంకెలను గుంపులు చేసి, ఒక గుంపును కూడి మరొక గుంపును తీసివేస్తే, వచ్చిన చిన్న సంఖ్య 7, 11, 13 మూడింటికీ ఒకేసారి సమాధానం చెబుతుంది.

బాగ్దాదు, దక్కను

ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. క్రీ.శ. 9వ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ హిందూ అంకెలతో లెక్కలు చేసే విధానంపై గ్రంథం వ్రాశాడు. దాని అరబిక్ మూలం నశించినా లాటిన్ అనువాదాలు నిలిచాయి. అల్గారిథమ్ అనే మాట ఆయన పేరు నుండి పుట్టినదే. అదే శతాబ్దిలో దక్కనులో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. తరువాత పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణితగ్రంథంగా దానికి ప్రసిద్ధి.

మహావీరాచార్యుడు హారాల వంటి సంఖ్యలను ఇచ్చే గుణకారాలను చెప్పాడు. 142857143ను 7తో గుణిస్తే 1000000001. 152207ను 73తో గుణిస్తే 11111111. ఎడమ నుండి చదివినా కుడి నుండి చదివినా ఒకే విధంగా ఉండే ఈ సంఖ్యలు హారంలో పూసల వలె కనిపిస్తాయి. భాజనీయతా సూత్రం తెలిసిన బిడ్డకు వీటి రహస్యం అందుతుంది. 1000000001ని మూడేసి అంకెలుగా విడదీస్తే 1, 000, 000, 001. కూడి తీసివేస్తే సున్నా. కనుక అది 7, 11, 13 మూడింటి చేతా భాగింపబడుతుంది. ఇక 73 విషయం: 73 × 137 = 10001. అంటే నాలుగేసి అంకెల గుంపులు చేయాలి. 1111లో నుండి 1111 తీసివేస్తే సున్నా. పిల్లలు ఈ విషయాన్ని తామే కనుగొనేటట్లు చేయగలిగితే, వేయి సంవత్సరాల నాటి ఆచార్యునితో వారికి నేరుగా పరిచయం కలిగినట్లే.

తొమ్మిది పరీక్ష, దాని పరిమితి

గుణకారం సరిగా వచ్చిందో లేదో 9 శేషాలతో సరిచూసే పద్ధతి కూడా చాలా పాతది. 10వ శతాబ్ది నాటి రెండవ ఆర్యభటుని 'మహాసిద్ధాంతం'లో అది కనిపిస్తుంది. అరబ్బు గణితజ్ఞులూ దానిని విరివిగా వాడారు. 247 × 38 = 9386 అని వచ్చిందనుకోవాలి. 247 అంకెల మొత్తం 13, దాని నుండి 4. 38 అంకెల మొత్తం 11, దాని నుండి 2. నాలుగు రెళ్ళు 8. జవాబు అంకెల మొత్తం 26, దాని నుండి 8. రెండూ సరిపోయాయి.

అయితే ఈ పరీక్షకు ఒక గుడ్డి కన్ను ఉంది. అంకెలు తారుమారైతే మొత్తం మారదు గనుక అది పట్టుకోలేదు. విచిత్రమేమంటే, ఈ లోపమే లెక్కలు వ్రాసేవారికి ఆయుధమయింది. గల్ఫ్‌లో ఎందరో తెలుగువారు గణాంక ఉద్యోగాలలో ఉన్నారు. 5,820 దిర్హమ్‌లను 5,280గా వ్రాస్తే చిట్టాలో వచ్చే తేడా 540. అది 9 గుణిజం. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు తేడా ఎల్లప్పుడూ 9 గుణిజమే. 82కూ 28కీ తేడా 54 కావడానికి కారణం, 8 పదుల నుండి ఒకట్లకు దిగినప్పుడు ఎనిమిది తొమ్మిదులు తగ్గి, 2 పైకి ఎక్కినప్పుడు రెండు తొమ్మిదులు పెరగడం. అందుకే చిట్టా కుదరక తేడా 9 చేత భాగింపబడితే, అనుభవజ్ఞుడైన అకౌంటెంటు మొదట తారుమారైన అంకెల కోసం వెదకుతాడు.

జేబులోని సంఖ్యలు

నేడు మనిషి వ్యవహారమంతా సంఖ్యలతోనే సాగుతున్నది. ఒక్క అంకె తప్పితే ఒకరి జీతం మరొకరి ఖాతాకు చేరవచ్చు. దీనిని నివారించడానికి ముఖ్యమైన సంఖ్యల చివర ఒక తనిఖీ అంకెను చేర్చుతారు. 784తో మొదలయ్యే 15 అంకెల ఎమిరేట్స్ గుర్తింపు కార్డు సంఖ్యలో చివరి అంకె అటువంటిదే. 784 ఈ దేశానికి ఇచ్చిన అంతర్జాతీయ సంకేతం.

సరుకులపై ఉండే 13 అంకెల బార్‌కోడ్ పిల్లలకు మంచి పాఠం. భారతదేశంలో నమోదైన సంస్థల సరుకులపై అది సాధారణంగా 890తోను, ఎమిరేట్స్‌లో నమోదైనవాటిపై 629తోను మొదలవుతుంది. ఎడమ నుండి బేసి స్థానాలలోని అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా, సరి స్థానాలలోని అంకెలను మూడు రెట్లుగా కూడితే మొత్తం 10 చేత భాగింపబడాలి. ఉదాహరణకు 8901234567890 అనే సంఖ్యలో బేసి స్థానాల మొత్తం 28, సరి స్థానాల మొత్తం 34. దానికి మూడు రెట్లు 102. రెండూ కలిసి 130. సరిపోయింది. మూడు రెట్లే ఎందుకు? 3కూ 10కీ ఉమ్మడి భాజకం లేదు గనుక ఏ ఒక్క అంకె తప్పినా మొత్తం చెడుతుంది. రెండు రెట్లు మాత్రమే చేస్తే, సరి స్థానంలో అంకె 5 అటుఇటు అయినప్పుడు మొత్తం 10 మారి, తప్పు తెలియకుండా పోతుంది. పచ్చడి సీసా మీద ఈ లెక్క సరిపోయినప్పుడు పిల్లల ముఖాలలో కలిగే ఆశ్చర్యం ఏ పాఠ్యపుస్తకమూ కలిగించలేదు.

రసాయన పదార్థాలకు కూడా ఇటువంటి సంఖ్యలున్నాయి. కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ నీటికి ఇచ్చిన సంఖ్య 7732-18-5. చివరి 5ను విడిచి, కుడి నుండి అంకెలను వరుసగా 1, 2, 3, 4, 5, 6 చేత గుణించి కూడితే 105 వస్తుంది. దానిని 10 చేత భాగిస్తే శేషం 5. అదే చివరి అంకె.

బ్యాంకుల ఐబాన్ సంఖ్య మరింత కట్టుదిట్టమైనది. ఎమిరేట్స్‌లో ఇది 2011లో అమలులోకి వచ్చింది. ఇందులో 'ఏ', 'ఇ' అనే రెండు ఆంగ్లాక్షరాలు, రెండు తనిఖీ అంకెలు, మూడు అంకెల బ్యాంకు సంకేతం, 16 అంకెల ఖాతా సంఖ్య, వెరసి 23 ఉంటాయి. మొదటి నాలుగింటిని చివరకు చేర్చి, 'ఏ'కు 10, 'ఇ'కు 14 వ్రాసి, వచ్చిన సంఖ్యను 97 చేత భాగిస్తే శేషం 1 రావాలి. 97 ప్రధానసంఖ్య, అది 9లోనూ లేదు, 10లోనూ లేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా తొమ్మిదులతోనూ, పదులతోనూ, ఒక చిన్న అంకెతోనూ ఏర్పడినది గనుక దానిని 97 ఎన్నడూ నిశ్శేషంగా భాగించదు. తొమ్మిది పరీక్షకు కనిపించని తప్పు ఇక్కడ దొరికిపోతుంది.

ఇంటిలో చేయదగినది

తల్లిదండ్రులు చేయగలిగినది చాలా ఉంది. మొదట సూత్రాన్ని చెప్పక పంపకాన్ని చూపాలి. 'భాగింపబడుతుందా?' అని కాక 'ఎంత మిగులుతుంది?' అని అడగాలి. అవును, కాదు అన్న జవాబులు ఊహించి చెప్పవచ్చు. శేషం ఆలోచిస్తేనే వస్తుంది.

ఈ సంభాషణ తెలుగులో జరిగితే మరొక లాభం ఉంది. అరబిక్‌లో ఇరవై మూడును 'మూడూ ఇరవై' అన్న వరుసలో పలుకుతారు. హిందీలో నూరు వరకు చాలా పేర్లు విడివిడిగా నేర్చుకోవలసినవే. తెలుగులో 'నాలుగు వందల అరవై ఎనిమిది' అన్నప్పుడు పెట్టెలు, పొట్లాలు, విడి పండ్లు అదే వరుసలో వినిపిస్తాయి. సంఘాలు నిర్వహించే తెలుగు తరగతులలో అక్షరమాలతో పాటు 'శేషం', 'భాజకం', 'గుణిజం' అనే మాటలకూ చోటివ్వవచ్చు.

దుబాయి, షార్జాల మధ్య సాయంకాలపు రద్దీలో కారు కదలనప్పుడు ముందున్న వాహనాల సంఖ్యలే పలకలవుతాయి. 58212 కనిపిస్తే, అంకెల మొత్తం 18 గనుక 9 గుణిజం; 2 – 1 + 2 – 8 + 5 = 0 గనుక 11 గుణిజం కూడా. అయితే అది 99 గుణిజమా అని అడగాలి. 9కీ 11కూ ఉమ్మడి భాజకం లేదన్న సంగతి గుర్తున్న బిడ్డ వెంటనే చెబుతుంది.

చివరగా పిల్లలకు రెండు ప్రశ్నలు. 27 × 37 = 999. దీని ఆధారంగా 37కు ఒక భాజనీయతా సూత్రం తయారు చేయవచ్చు. మూడేసి అంకెల గుంపులను ఏమి చేయాలి? 101కు కూడా ఒక సూత్రం ఉంది. నూరు పండ్ల పెట్టెను నూటొక్కమందికి పంచితే ఎంత తక్కువ పడుతుందో ఆలోచించండి. ఈ రెండూ పాఠ్యపుస్తకాల జాబితాలలో సాధారణంగా ఉండవు. వాటిని తయారు చేసిన బిడ్డకు ఇక జాబితాతో పనిలేదు.